నాయిన ఏరి తెచ్చిన కంప్యూటర్ డబ్బా

చిన్నప్పటి ముచ్చట... నేను తొమ్మిదో తరగతి, అన్న ఇంటర్. బీరంగూడలో కిరాయి ఇల్లు. దసరాకి మా ఇంటికి కంప్యూటర్ వస్తుందని ఖాయమయ్యాక, నాయినతో పాటు మేమిద్దరం బస్సెక్కి సికింద్రాబాద్ పోయాం. చదువు కోసమని నాయిన కొంటున్నాడు... కార్ల రేసు ఆట కోసమని మేం కొనిపిస్తున్నాం. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదంతే.

అప్పట్లో విడి భాగాలు ఏరుకుని, దుకాణంలోనే బిగించి ఇమ్మనేవాళ్లం. లోపలి సామాను ఏది మంచిదో అన్న తన దోస్తులను అడిగి తెలుసుకున్నాడు. అదంతా పెట్టే డబ్బా మాత్రం... అదే, కేబినెట్... నాయిన చూస్తానన్నాడు. రేకు సంగతి ఆయనకే వదిలేయాలి మరి. ఫ్యాక్టరీలో కరెంటు ప్యానెళ్లని ఉంటాయి, మనిషెత్తు ఇనుప బీరువాల్లాంటివి. వాటిని పరీక్షించి పాస్ చేయడమే ఆయన ఉద్యోగం.

మాకు అందే ధరలో ఉన్నవి రెండే. ఒకదానికి ముందంతా జాలీ, పక్కన గాలి రంధ్రాలు. రెండోది నల్లగా, బరువుగా, చూద్దామన్నా చిల్లు లేకుండా ఉంది.

నాయిన రెండింటినీ వేలి కణుపుతో తట్టి విన్నాడు. అంచుల వెంట బొటనవేలు నడిపాడు. తర్వాత జేబులోంచి బస్సు టికెట్ తీసి, డబ్బా మూత సందులో దూర్చి చూశాడు. ప్యానెల్ తలుపు బిగువుగా ఉందో లేదో అలా కాగితంతోనే చూస్తారట. జాలీ డబ్బాలో టికెట్ సులువుగా దూరిపోయింది. నల్లదాంట్లో కొస కూడా పోలేదు.

“సార్, ఆటలాడే పిల్లలుంటే జాలీది తీస్కపోండ్రి. గాలి ఆడ్తది,” అన్నాడు దుకాణం అతను.

“గాలొచ్చే కాడ దుమ్ము రాదా? మా దిక్కు దుమ్ము సంగతి నీకెర్కలేదు. నల్లదే ఇయ్యి,” అన్నాడు నాయిన.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నల్లదే వచ్చింది.

కంప్యూటర్ బాగానే నడిచింది. టైపింగ్ నేర్చుకున్నంతసేపూ కిక్కురుమనలేదు. కార్ల రేసు పెట్టామా... రెండు మూడు గంటలకు ఠక్కున ఆగిపోయేది. అదీ నేను అన్నను దాటేసి ముందుకు పోతున్నప్పుడే. అన్న పాపం, తనకు చాలా బాధగా ఉన్నట్టు మొహం పెట్టేవాడు.

నాయినకి లెక్క తేలిపోయింది. చదువుకు నడుస్తుంది, ఆటకు ఆగుతుంది... అంటే తప్పు ఆటదే.

“ఇంకోపారి బందయిందంటే గా ఆటలన్నీ తీసేపిస్త. సమజైందా?”

ఆ మాట విన్నాక మా ఇద్దరికీ అన్నం సయించలేదు. ఆ కార్లే మాకు లోకం మరి... నవ్వకండి.

అప్పుడు చలికాలం. పటాన్‌చెరు వైపు చలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పాలు తోడుకునేవి కావు. ఓ ఆదివారం పొద్దున్నే మేం భయం భయంగా ఆడుకుంటుంటే, అమ్మ తోడు వేసిన పాలగిన్నె తెచ్చి కంప్యూటర్ డబ్బా మీద పెట్టి, పళ్లెం మూసి పోయింది. ఆటలో పడి మేం తలెత్తలేదు.

సరిగ్గా అన్నాల వేళకు తెర నల్లబడింది. వాకిట్లో ఉన్న నాయిన మా ‘అయ్యో’ విననే విన్నాడు.

“ఇగ అయిపోయింది. పొద్దుమీకి ఎవలినన్న పిలిచి అవన్ని తీసేపిస్త,” అన్నాడు.

నేను ఏడ్చాను. అన్న కూడా ఏడ్చాడు, ఇప్పుడు ఒప్పుకోడు గానీ.

అందరం మొహాలు వేలాడేసుకుని అన్నాలకు కూర్చున్నాం. నాయిన పెరుగన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

“గింత పుల్లగున్నదేంది? నిన్నటిదా?”

“పొద్దుగాల తోడేసిందే. సలికి తోడుకుంటలేదని గా కంప్యూటర్ మీద పెట్టిన,” అంది అమ్మ.

నాయిన నమలడం మానేశాడు. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ఫ్యాక్టరీలో మోటారును చూసినట్టు చెయ్యి తిరగేసి డబ్బాకు ఆనించాడు. ఠక్కున తీసేశాడు. పక్క రేకు విప్పితే లోపలి వేడి మా మొహాలకు కొట్టింది.

తర్వాత మా వైపు తిరిగి, “డబ్బా మంచిదే బిడ్డా... నా సూపే తప్పింది. ప్యానెల్ల దుమ్ము రావొద్దని సూస్తం. దీంట్లకెల్లి వేడి పోవాలె,” అన్నాడు. మా ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలతో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా పోయింది.

విప్పిన రేకును వాకిట్లోకి తీసుకెళ్లి, పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, చేతి డ్రిల్లుతో రంధ్రాలు పెట్టడం మొదలుపెట్టాడు.

“కొత్త డబ్బాకు తూట్లు కొడ్తున్నవేంది?” అమ్మ పరేషానైంది.

“నువ్వు పెరుగు పెట్టకుంటే చాలు, జెర ఊకో.”

లోపలివైపు దోమల జాలీ ముక్క అతికించాడు, దుమ్మును మాత్రం వదల్లేదు. ఊళ్లోకి పోయి చిన్న ఫ్యాను తెచ్చి అన్నతో వెనకాల పెట్టించాడు. ఇక పరీక్ష. ఫుల్ లోడ్ మీద నడిపి చూడకుండా ఏదీ పాస్ చేయడు కదా... కార్ల రేసు పెట్టమని తానే కుర్చీలో కూర్చున్నాడు.

కారును గోడకు గుద్దుతాడు, మళ్లీ లేపుతాడు. వెనకాల మేం గొంతులు చించుకుంటున్నాం. “నాయినా, బ్రేకు కొట్టు...” “ఉండు బిడ్డా, టెస్ట్ నడుస్తున్నది.” అమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి మా పక్కన నిలబడింది. పొద్దుగూకినా కంప్యూటర్ ఆగలేదు... నాయినా లేవలేదు. ఆటలు తీసేయించే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు తెల్లాపూర్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి కేబినెట్‌కు అద్దాల తలుపు, రంగురంగుల ఫ్యాన్లు... ఎంత ఆడినా వేడెక్కదు. వాడు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, గది తలుపు వేసుకుని ఆడుకుంటాడు. గెలిచాడో ఓడాడో మాకు తెలియదు.

మీ ఇంటి మొదటి కంప్యూటర్ ముందు ఎవరెవరు గుమిగూడేవాళ్లు? కింద రాయండి... నాయినకు చదివి వినిపిస్తాను.