రాయ్‌పూర్‌లో గడ్డకట్టిన చెరువు

రాయ్‌పూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్న రోజులు. నేను పాఠాలు చెప్పే కాలేజీకీ, ఒక చలిదేశపు యూనివర్సిటీకీ ఒప్పందం కుదిరి, సుస్థిర అభివృద్ధి మీద ఒక కోర్సు కలిసి చెప్పాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి వచ్చిన ప్రొఫెసర్ ఇంగ్లీషులో చెప్పేవాడు, నేను పక్కన నిలబడి హిందీలో విడమరిచేదాన్ని. ‘టికావూ వికాస్’, అంటే మన్నికైన అభివృద్ధి, అనగానే పిల్లలు పండరీ బట్టల బజారులో గట్టి చీర బేరం విన్నట్టు మొహాలు పెట్టేవారు. ఆయనకి ఓపిక ఎక్కువ, నాకే తక్కువ.

పరీక్షలో ఆయన ఒకే ప్రశ్న ఇచ్చాడు: మీరు తాగే నీళ్ల గురించి రాయండి.

మర్నాడు పేపర్లు పట్టుకుని నా గదికి వచ్చాడు. మొహం జేవురించి ఉంది. మొదటి పేపరు చదివాను. మా తాతగారి ఇంటి వెనక చెరువు చలికాలంలో గడ్డకట్టేది, మేం దాని మీద జారుతూ ఆడుకునేవాళ్లం అని ఉంది. రాసింది రైల్వే కాలనీ పిల్ల. ఇక్కడి ఎండలకి కుళాయి నీళ్లే చుర్రుమంటాయి, చెరువు గడ్డకట్టడమేమిటి? రెండో పేపరు తీశాను. అదే చెరువు. మూడోదీ అంతే. మందిర్ హసౌద్ నుంచి బస్సులో వచ్చే కుర్రాడి తాత కూడా ఆ మంచు మీదే కాలు విరగ్గొట్టుకున్నాడు. అన్నీ ఆ ప్రొఫెసర్ క్లాసులో చెప్పుకున్న సొంత కథే, మక్కీకి మక్కీ.

కాపీ కొట్టారు, అందరికీ సున్నా అన్నాడాయన. కాపీ కాదు, బట్టీ అన్నాను. ఆ రెంటికీ తేడా ఏమిటో ఆయన బుర్రకి ఎక్కించలేకపోయాను. నా దిగులంతా ఆ రైల్వే పిల్ల గురించే. ఈ కోర్సు పాసైతేనే ఎం.ఎస్సీ. చదివిస్తానని వాళ్ల నాన్న తెగేసి చెప్పాడు. ఆ పిల్లను పిలిపించాను. వాళ్లది శ్రీకాకుళం వైపు. కంగారులో ఇంటి తెలుగే మాట్లాడింది.

“సారేటన్నారు మేడం? భూమి మనకెలాగొచ్చిందో అలగే తరవాతోలకి అప్పజెప్పాలన్నారు కదా. నాను పాఠం బిల్కుల్ అలగే అప్పజెప్పినాను. ఇందులో గల్తీ ఏటుంది?”

ఉలిక్కిపడ్డాను. వెటకారం కాదు, కళ్లనిండా నీళ్లున్నాయి. మన భాషలో ఆ రెండు పనులకీ ఒకటే మాట అని ఆయనకి ఇంగ్లీషులో చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. విని ఆయన పేపర్ల మీది సున్నాలు కొట్టేశాడు. అందరికీ పరీక్ష మళ్లీ పెడతానన్నాడు. ముందు నువ్వు మీ ఇంటి నీళ్ల సంగతే రాయి అంటూ ఆమెకి తెల్లకాగితం చాపాడు.

ఆ పిల్ల తర్వాత రాసింది, పాసయింది, ఎం.ఎస్సీ.లో చేరింది కూడా. అప్పుడు మాత్రం కాగితం అందుకోకుండా నావైపు చూసింది.

“మా కుళాయి నీల్ల గురించి ఎవులూ పాఠం సెప్పలేదు కదా మేడం. సెప్పకుండా నాకెలాగ తెలుస్తాది?”

పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్లే తాగిన పిల్ల. ఏమందని ప్రొఫెసర్ నన్ను అడుగుతూనే ఉన్నాడు. నాకు ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు.