కూజా మొక్కల వియ్యం

ఉప్పల్ మొత్తంల పురుగులను తినే మొక్కలు పెంచేటోణ్ని నేనొక్కణ్నే అని ఏండ్ల తరబడి మురిసిన. ఆకు కొసకు చిన్న కూజా వేలాడుతది, అండ్ల ఈగ పడితే దాని పని ఖతం. నాచారం మందుల ఫ్యాక్టరీల డ్యూటీ దిగి రాంగనే చాయ్ కూడ తాగకుండ డాబా ఎక్కేటోణ్ని. "పెండ్లాం మొఖం కన్న ఆ కూజాల మొఖమే ఎక్కువ సూస్తవ్" అనేది నా భార్య. నిజం జెప్పాలంటే ఆ మురిపెం వెనక పెద్ద ఏడుపుండె. ఈ మొక్కల ముచ్చట పెట్టనీకి ఒక్క మనిషి దొరకలే. భార్యకు చెప్తే ఆవులింతలు తీసేది.

ఈ మొక్కల్ల ఆడది వేరు, మగది వేరు. నా కాడున్నది ఆడది. అది మొదటిసారి పూతకొచ్చిన నాడు నాకు కాలు నిలవలే. బెంగుళూరు దోస్తు కాడ ఎర్రచారల కూజాల మగది ఉంటే, దాని పుప్పొడి కొరియర్ల పంపుమన్న. రెంటినీ కలిపి కొత్త రకం పుట్టిస్తున్న, పేరు కూడ నేనే పెడ్త అని ఇంటర్నెట్ల మొక్కల గ్రూపుకు ముందే చాటింపేసిన.

అప్పుడు తెలంగాణ కొట్లాట జోరు మీదుంది. బందు మీద బందు, కొరియర్ ఆగిపోయింది. ఎవల్ని తిట్టాలె? ఉప్పల్ చౌరస్తల రోడ్డుకడ్డం కూసున్నోళ్లల్ల ముందు వరుస నాదే! పొట్లం వచ్చేదాక పూలకు గుడ్డ కట్టాలె, లేకుంటే ఈగలు వేరే మగమొక్క పుప్పొడి తెచ్చి అంటిస్తయి. నేను కట్టలే. ఉప్పల్ల నేనొక్కణ్నే అంటిగద, ఇంకో మొక్క ఏడికెల్లొస్తది? ఆఖరుకు పొట్లం వచ్చింది. వాడుమొఖం పట్టిన పూలకు బ్రష్షుతోని అద్దిన. కాయలు పడంగనే మీసం మెలేసిన. నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

వెంట్రుకలసొంటి గింజలు చల్లితే సూదిమొనంత మొలకలొచ్చినయి. ఇగ సూడు నా వేషాలు! పసిపిల్ల తొట్టెల ఫంక్షన్‌కొచ్చిన ముసలమ్మల లెక్క భూతద్దం పట్టుకొని, "మూత తల్లిది, నడుము తండ్రిది" అని పోలికలు తీసేటోణ్ని. అచ్చం తండ్రే అని గ్రూపుల ఫోటోలు పెట్టిన. రెండేండ్లకు మొక్కలు పెద్దగై కూజాలు తేలినంక చూస్తే చారల్లేవు, నిండ ఊదా మచ్చలు. తల్లికి మచ్చల్లేవు, దోస్తు మగదానికీ లేవు. నా భార్య వంగి చూసి పొట్ట పట్టుకొని నవ్వింది.

"తండ్రెవరో ఈ గల్లీలనే ఉన్నడు, పోయి పట్టుకో" అన్నది.

నీళ్ల ట్యాంకెక్కి నలుదిక్కుల సూసిన. రెండిండ్ల అవతల, పచ్చ నెట్టు కింద, మచ్చల కూజాలు వేలాడుతున్నయి! అది లెక్కల సారు డాబా. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎన్నడో స్థిరపడ్డడు. కొట్లాట మొదలైనప్పటి సంది మా నడుమ మాటల్లేవు. ఆయన ఎదురొస్తే నేను సెల్లు సూసేది, నేను ఎదురొస్తే ఆయన ఆకాశం సూసేది. ఆ డాబా దిక్కు కూడ సూడకపోతిని.

ఒక పిల్లమొక్క కుండీ చేతులవెట్టుకొని పోయి తలుపు కొట్టిన. ఆడపిల్ల తండ్రి లెక్క గొంతు సవరించుకున్న. "సార్, మీ మగమొక్క మా ఆడదానితోని సంబంధం కలుపుకుంది. పిల్లలైనయి."

ఆయన కండ్లద్దాలు పెట్టుకొని కుండీని తిప్పి తిప్పి చూసిండు. "మచ్చలు మావాడివేనండీ" అన్నడు. "ఇన్నేళ్లూ ఈ పిచ్చి నా ఒక్కడికే ఉందనుకున్నానండీ."

తల గోడకు కొట్టుకోవాలనిపించింది. ఇద్దరం పిచ్చోళ్ల లెక్క నవ్వినం. డాబా మీదికి తీస్కపోయిండు. పోతుంటే హాల్ల సామాన్లన్నీ అట్టపెట్టెలల్ల కట్టి ఉన్నయి.

"ఇల్లు బేరం పెట్టామండీ. రాష్ట్రం వేరైపోతోంది, ఇంక ఇక్కడెందుకంటున్నారు మావాళ్లు. ఈ మొక్క లారీలో ఎండకి చచ్చిపోతుంది. మీరుంచుకోండి" అని తన కుండీ ఎత్తి నా దిక్కు చాపిండు.

తెలంగాణ వస్తుందని గులాల్ పూసుకొని గల్లీల ఎగిరినోణ్ని. ఇప్పటికీ ఎగురుత, అండ్ల మాట లేదు. గని ఈ మనిషి పోతడని నా బుర్రకు ఒక్కనాడు తట్టలే. కుండీకి చేతులు చాపలే.

"పోకున్రి సార్" అన్న. "పిల్లలింక సిన్నగున్నయి."

ఆయన కుండీని మళ్ల కింద పెట్టి, నా దిక్కు కుర్చీ జరిపిండు.