పడుకోవద్దన్న మాట

లీలారాణి ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఒక సోఫాల కంపెనీకి ప్రకటనలు రాస్తుంది. జనం దేన్ని గుర్తుపెట్టుకుంటారో, దేన్ని చదివిన మరుక్షణం మరిచిపోతారో తెలిసి ఉండడమే ఆమె ఉద్యోగం. ఏళ్ల తరబడి అదే పని. ఈమధ్య సాయంత్రం ఇంటి ముందు కారు ఆపాక దిగబుద్ధి కాక కాసేపు అందులోనే కూర్చుంటోంది.

ఆ చలికాలం వాళ్ల తెలుగు చర్చిలో మోజెస్ అంకుల్‌కి పక్షవాతం వచ్చింది. చెయ్యి లాగేస్తోందంటూ పడుకున్నాడు. లేచేసరికి మాట పోయింది. నర్సుగా పనిచేసే డెబోరా పక్షవాతం లక్షణాలన్నీ వివరంగా రాసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆదివారం టీ దగ్గర లీలారాణి కొందరిని అడిగింది, అందులో ఏం గుర్తుందని.

"ఏదో హెల్త్ మెసేజ్ కదా," అన్నారు.

"అయితే నువ్వే రాయవే," అంది డెబోరా.

"అన్నీ చెబితే ఒక్కటీ మిగలదు. ఒక్క మాటే చెప్పాలి. అది కూడా తెలిసిన మనిషి పేరుతో చెప్పాలి."

అందుకని మోజెస్ భార్య దేవమణిని అడగడానికి వెళ్లింది. ఆవిడ భర్తకి జావ తాగిస్తూ, "రాసుకోమ్మా. ఇంకొకరికి పనికొస్తే చాలు," అంది.

'మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పడుకోవద్దు. వెంటనే 999కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. మోజెస్ అంకుల్ పడుకున్నారు.' లీలారాణి రాసింది ఇంతే. అక్షరం మార్చకుండా మళ్లీ మళ్లీ పెట్టింది.

వేసవి మొదట్లో, అదే చర్చికి వచ్చే కమల భర్తకి మాట ముద్దగా వచ్చింది. కాసేపు నడుం వాలుస్తానన్నాడు. ఆ మెసేజ్ గుర్తొచ్చి కమల ఒప్పుకోలేదు, 999కి ఫోన్ చేసింది. అంబులెన్స్ సమయానికి వచ్చింది. కొన్ని వారాలకి అతను తన కాళ్లమీద చర్చికి వచ్చాడు.

అందరూ ఆ మెసేజ్ గురించే మాట్లాడుకుంటుంటే దేవమణి లేచి బయటికి వెళ్లిపోయింది. లీలారాణి వెనకే వెళ్లింది.

"ఆ రోజు ఆయన్ని పడుకోమన్నది నేనేనమ్మా," అంది దేవమణి. "వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీ చేసొచ్చి అలసటతో ఒళ్లు తెలియకుండా ఉన్నాను. ఎక్కడికెళ్లినా ఇప్పుడు అదే మాట వినిపిస్తోంది."

"తీసేస్తాను ఆంటీ."

"తీసేస్తే మాత్రం నేను మర్చిపోతానా? ఉండనియ్."

అయినా ఆ తర్వాత పెట్టిన మెసేజ్‌లో లీలారాణి అంకుల్ పేరు తీసేసింది. పేరు లేని మాట త్వరగా చెరిగిపోతుందని ఆమెకు తెలుసు. తెలిసే తీసేసింది.

ఆ రోజు నుంచి చర్చికి రావడం మానేసిన దేవమణి మళ్లీ వచ్చేసరికి ఆకులు రాలుతున్నాయి. వెనక వరుసలో కూర్చుంది. లీలారాణి వెళ్లి పక్కన కూర్చుంది. దేవమణి పాటల పుస్తకాన్ని ఇద్దరికీ కనబడేలా మధ్యకి జరిపింది.