చుక్కాకు తిన్న తాబేలు

పోయిన వారం పన్ను పీకించుకోవడానికి కడప వెళ్ళాను. డాక్టరు గారు అర్ధరూపాయి తగ్గించేదాకా నోరు తెరవకూడదని భీష్మించుకు కూర్చున్నవాణ్ణి, వరండాలో ఉన్న గాజు తొట్టిని చూసి బేరమే మర్చిపోయాను. మద్రాసు నుంచి తెప్పించారట. అందులో ఐదు బంగారు రంగు చేపలు, వాటి మధ్య అరచేయంత తాబేలు. "అన్నీ ఎంత స్నేహంగా ఉన్నాయో చూడండి," అంది డాక్టరు గారి భార్య. పక్కన పనిమనిషి తడిగుడ్డతో గాజు తుడుస్తోంది. పన్నునొప్పి ఎటు పోయిందో తెలీదు గాని, అంతకంటే పాతదొకటి సలపడం మొదలుపెట్టింది.

మా ఇల్లు నందికొట్కూరులో, ముందు అంగడి, వెనక పెరడు. పెరట్లో కడప బండలు నిలబెట్టి సున్నంతో అతుకులు వేసిన తొట్టి ఒకటి ఉండేది, కాళ్ళు కడుక్కోవడానికి. ఒక ఎండాకాలం కాలవకు నీళ్ళు ఆపేసినప్పుడు, గుంటల్లో కొట్టుకుంటున్న చేపల్ని బతికిస్తే పుణ్యమని మా అవ్వకు తోచింది. పుణ్యం అవ్వది, పని మాత్రం మా పెరడు ఊడ్చే ఆమెది. ఆమె క్రైస్తవుల పేట నుంచి వచ్చేది. మా తాగేనీళ్ళు ముట్టుకోకూడదు గాని, కాళ్ళు కడుక్కునే నీళ్ళు మోయవచ్చు. తన ఇంట్లో కూర కావలసిన ఎనిమిది చేపల్ని కుండలో ప్రాణాలతో మోసుకొచ్చి మా తొట్టిలో వదిలింది. అవ్వ రోజూ బొరుగులు చల్లేది. అవి పైకొచ్చి నోళ్ళు తెరిస్తే, మా అంగడి ముందు కొసరు అడిగేవాళ్ళలాగే ఉండేవి.

అప్పుడు నాకు పదిహేనేళ్ళు. బేరంలో నన్ను మించినవాడు లేడని గట్టి నమ్మకం. సంతకు ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన గంపలో తాబేలు పెట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళలో తాబేలుంటే ఇంటికి మంచిదని మావాళ్ళు అనుకునేవాళ్ళు. అణా చెప్పాడు. "ఏం తింటాదప్పా ఇది?" అని అడిగాను. "నీసు లేకుంటే బతకదు సామీ. చేపో, నత్తో, ఏదో ఒకటి పడాల," అన్నాడు పాపం, నిజాయితీగా. నేను ఆ నిజాన్నే పట్టుకున్నాను. "మాది నీసు ముట్టని ఇల్లు. దీన్ని యాడ మేపేది? సగానికిస్తే ఇయ్యి, లేకుంటే నీ గంపలోనే పెట్టుకో." సగానికే ఇచ్చాడు. ఇంటికొచ్చి అవ్వతో మాత్రం, అది ఆకులే తింటుందన్నాను. కొనేటప్పుడు ఒక మాట, ఇంట్లో దింపేటప్పుడు ఒక మాట. దాన్నే తెలివి అనుకున్నాను. తాబేలు కూడా నా పరువు కాపాడుతూ అవ్వ చేతిలో చుక్కాకు నమిలింది. "చూస్తివా, మన ఇంటికొస్తే అదీ మన మాదిరే అయిపాయ," అని అవ్వ వీధంతా చెప్పుకుంది.

పదిహేను రోజులకు చేపలు ఐదయ్యాయి. నెలకు రెండు. నీసు ముట్టని ఇంట్లో చేపలు తగ్గితే ఎవరిని అడగాలో అవ్వ ఆలోచించాల్సిన పనే లేకపోయింది.

"మా ఇంట్లో చేప తినేవాళ్ళు ఎవురుండారే? నువ్వొక్కదానివే గదా!"

పెరడు ఊడ్చే ఆమె చీపురు కింద పెట్టింది. "తినేదాన్నైతే కాలవకాడనే తినేదాన్ని గదా శెట్టెమ్మా? ఈడికి మోసకొచ్చి, మీ బొరుగులతో మేపి, ఒగొగటే దొంగతనంగా తినాల్నా?" అని, నా వైపు తిరిగింది. "చిన్నశెట్టీ, తాబేలును నువ్వే గదా తెచ్చింది. అమ్మినోడు ఏం తింటాదని చెప్పినాడు?"

నిజం చెబితే తాబేలు పోతుంది, అవ్వ ముందు నా అబద్ధం బయటపడుతుంది, నేను కొట్టిన బేరం నవ్వులపాలవుతుంది. అన్నీ క్షణంలో తూచాను. ఆ తూకంలో ఆమెను మాత్రం వేయలేదు. "ఆకులే అన్నాడు," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తన కుండ తీసుకుని వెళ్ళిపోయింది. అంగళ్ళ వీధిలో మాట పాకడానికి ఒక పూట చాలు. చేపల దొంగను ఏ ఇంటి పెరట్లోకీ రానివ్వలేదు. కొన్నాళ్ళకు పిల్లల్ని తీసుకుని డోన్ చేరిందనీ, రైలుకట్ట మీద రాళ్ళు మోస్తోందనీ విన్నాం.

ఆమె వెళ్ళిపోయిన మూడోనాడే, మిట్టమధ్యాహ్నం, అవ్వ బొరుగులు చల్లుతుండగా తాబేలు ఒక చేపను నడుం దగ్గర పట్టుకుంది. తోక ఇంకా ఆడుతోంది. అవ్వ నా వైపు చూసింది. నేను తొట్టి వైపు చూశాను. "ఆమెను పిలిపిద్దామా?" అని గొణిగాను.

"అమ్మిన సరుకు వాపసు తీసుకుంటే అంగడికి మర్యాద యాడుంటాది? మాటైనా అంతే. నోరు మూసుకోని ఉండు," అంది అవ్వ. పొద్దు కుంకేలోగా తాబేలును కాలవలో వదిలించింది. మిగిలిన ఒక్క చేపకు బొరుగులు చల్లడం మాత్రం మానలేదు.

డోన్ ఎంత దూరమని? సరుకు కోసం ఆ స్టేషన్లో నేను ఎన్నిసార్లు దిగానో. కట్ట వైపు తల తిప్పేవాణ్ణి కాదు. ఆమె చనిపోయిందని విన్నాకనే తిప్పాను.

"తాబేలును వేరే తొట్టిలో పెట్టండమ్మా," అన్నాను డాక్టరు గారి భార్యతో. "చేపలు తగ్గితే తినేది అదే. ఇంకెవరూ కాదు." గాజు తుడిచే మనిషికి వినపడేలా కాస్త గట్టిగానే అన్నాను. ఆమె తలెత్తలేదు. ఎందుకెత్తుతుంది, అది ఆమెకు చెప్పాల్సిన మాట కాదు గదా. పన్నుకు డాక్టరు గారు అడిగినంతా ఇచ్చేసి బయటపడ్డాను.

రేపు చూద్దామని లేచిపోతే ధర దిగుతుందని అంగట్లో నేర్చుకున్నవాణ్ణి నేను. ఈ ఒక్క మాట దగ్గర ముప్పై ఐదేళ్ళు రేపు రేపంటూ తిరిగి, తీరా ఎంతకైనా సరేనని వచ్చేసరికి, ఎదుట కూర్చున్న మనిషి లేదు.