పాత డిస్కు

మీ అర్జీని న్యాయమూర్తికంటే ముందు చదివేది ఎవరో మీకు తెలుసా?

కోర్టు ఎదురు వీధిలో, మెట్ల కింది ఇరుకు గదిలో కూర్చునే టైపిస్టు. ఒక్క కామా తప్పినా కాగితం మళ్లీ కొట్టేది కనుక అందరూ ఆమెను కామాలక్క అనేవారు. పందొమ్మిదేళ్లుగా ఎందరి కాపురాల గోడు, ఎందరి వాటాల తగవు ఆమె వేళ్ల మీదుగా కాగితమెక్కాయో లెక్కలేదు. చెప్పలేక తడబడేవారితో ఆమె ఒకటే అనేది: "ఈ గది దాటి పోదమ్మా, చెప్పు." ఆ మాటను నమ్మే జనం ఆమె గుమ్మమెక్కేవారు.

కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు ఆమె ముసలి యంత్రాన్ని ఎగతాళి చేసేవాడు. "ఇది లేచేలోపు వాదీ ప్రతివాదీ రాజీ పడిపోతున్నారక్కా!" ఒక శనివారం కొత్త డిస్కు తెచ్చి, పాతదాని పక్కనే బిగించి, కొత్త సిస్టమ్ ఎక్కించి, ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేశాడు. ఆదివారం ఇంకా కాస్త పని ఉందంటూ గది తాళం అడిగాడు. తోడబుట్టినవాడు కదా, ఆమె క్షణమైనా తటపటాయించలేదు.

సోమవారం స్విచ్ వేస్తే నల్లటి తెర. సిస్టమ్‌ను లేపే డిస్కు దొరకలేదన్న ఒకే ఒక్క వాక్యం. తమ్ముడికి ఫోన్ చేసింది.

"కొత్తది కదక్కా, మొరాయిస్తది. ఆపి మళ్లీ వెయ్యి. సాయంత్రం వస్తాలే."

తొమ్మిదిసార్లు ఆపి వేసింది. ఓపిక నశించి వీధి చివరి మెకానిక్‌ను పిలిచింది. అతడు పెట్టె విప్పి తల గోక్కున్నాడు.

"రెండు డిస్కులూ తగిలించి ఎక్కించారా? అందుకే సిస్టమ్‌ను లేపే ఫైళ్లు పాతదాంట్లో పడ్డాయి. అదేదమ్మా?"

"అందులోనే ఉండాలే."

"లేదు. వైరొక్కటే వేలాడుతోంది."

పెన్‌డ్రైవ్ పెట్టి అతడు ఆ ఫైళ్లను కొత్త డిస్కులోనే తిరిగి రాశాడు. కంప్యూటర్ చక్కగా లేచింది. ఆమె మాత్రం మళ్లీ తమ్ముడికే ఫోన్ చేసి, పాత డిస్కు ఏదని అడిగింది.

మధ్యాహ్నానికి తమ్ముడు డిస్కు జేబులో పెట్టుకుని వచ్చాడు. "నీ మరదలు కూడా టైపింగ్ మొదలెడుతోంది కదక్కా. నమూనాలు పనికొస్తాయని..."

"అడిగితే ఇవ్వనా?"

"ఇస్తావు. అడగడానికే మొహం చెల్లలేదు."

"చదివిందా?"

"ఏదో ఒకటీ అరా..." నేల చూపులు చూస్తూ, ఆగలేక అనేశాడు: "నిజంగా ఆ బేకరీ ఆవిడ మొగుడు అంత పని చేశాడా?"

కామాలక్క చేయి చాచి డిస్కు తీసుకుంది. తలుపు వైపు చూపించింది. అతడు వెళ్లిపోయాడు.

గది బయట మెట్ల పక్కన బల్ల వేసుకుని కూర్చునే నోటరీ అంతా విన్నాడు. "వస్తువు తిరిగొచ్చిందిగా, గప్‌చుప్‌గా ఊరుకోమ్మా. బయటపెడితే రేపు నీ గుమ్మం ఎవరు తొక్కుతారు?"

"ఎవరూ తొక్కకపోవచ్చు బాబాయ్. కానీ ఈ గది దాటదని వాళ్లకు మాటిచ్చింది నేనే కదా."

తన దగ్గర కాగితాలు రాయించుకున్న ప్రతి ఒక్కరికీ జరిగింది తానే చెప్పాలని నిశ్చయించుకుంది. మొదట బేకరీ ఆవిడకు ఫోన్ కలిపింది.