లెఫ్ట్ కార్నర్ మునిరత్నం

నవంబరు మొదటి వారంలో మా సెక్షన్ ఆ సరిహద్దు పోస్టు చేరింది. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. రాతిగోడల బంకర్లు రెండు, కిరోసిన్ స్టవ్వు ఒకటి, పక్కన లోయ. ఎదుటి కొండ శత్రువుది. మధ్యాహ్నం దాటితే గాలి లేచేది. ఆ తర్వాత ఎవరూ బయట ఉండకూడదని సుబేదారు ఆర్డరు.

నేను సిగ్నల్‌మన్‌ని. మాది వేలూరు దగ్గర కె.వి.కుప్పం. మెషిన్‌గన్ మునిరత్నానిది. మా ఊరి పక్కనే గుడియాత్తంలో వాళ్ల నాయన కట్టడాల మేస్త్రీ. పోస్టులో తెలుగు మా ఇద్దరికే. అతను బెటాలియన్ కబడ్డీ జట్టులో లెఫ్ట్ కార్నర్. కూతకొచ్చినవాడి చీలమండ పట్టడం అతని పని. ఆర్మీ జట్టు ఎంపికకు పేరు వెళ్లింది. మంచు కరిగి దారి తెరుచుకోగానే దిగాలి. బంకర్లో కూర్చుని టెంటు తాడు బిగించి పట్టి వదిలేవాడు, వేళ్లు మొద్దుబారకుండా.

"ఈడ ఎవుర్ని పడతావప్పా, ఎలకల్నా?" అన్నాను.

"నీ కాలు ఇయ్యి, చూపిస్తా."

"వద్దు నాయనా. నాకుండేది రెండే."

ఫిబ్రవరిలో ఒక ఉదయం షెల్లింగ్‌కు టెలిఫోన్ వైరు తెగింది. అతకడానికి నేను, కాపలాకు మునిరత్నం వెళ్లాం. అతికించి, కింది పోస్టును పిలిచాను. "వినబడుతోంది" అన్నారు. లేస్తుంటే కాలికింద మంచు విరిగింది. తలకిందులుగా లోయవైపు జారాను.

ఆగాను. ఎడమ చీలమండ మీద పట్టు.

"కదలొద్దు. నువ్వు యాడికీ పోవు."

పట్టేముందే గ్లవ్సు రెండూ విదిలించి పారేశాడు. కబడ్డీలో ఎవరూ చేతికి తొడుగు వేసుకుని పట్టరు. అలవాటే తప్ప, ఆలోచించి చేసిన పని కాదు. మేం తిరిగి రాకపోయేసరికి సుబేదారు ఇద్దరిని తీసుకుని తాడుతో వచ్చాడు. అప్పటికి దాదాపు గంటైంది.

నన్ను పైకి లాగాక, నా కాలు వదలమని సుబేదారు అతనికి చెప్పాడు. మునిరత్నం నావైపు చూశాడు.

"నేను వదిలేసినానప్పా. వేళ్లే వదల్లేదు."

కింది ఆస్పత్రిలో కుడిచేతి వేళ్లు నాలుగు, ఎడమచేతివి రెండు తీసేశారు. ఎంపిక అతను లేకుండానే జరిగింది.

ఏప్రిల్‌లో నేను దిగాను. కాట్పాడిలో రైలు దిగి ఇంటికి పోకుండా గుడియాత్తం వెళ్లాను. మునిరత్నం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నా బూటు చూశాడు.

"నా కాలు బాగుండాదా? జాగర్తగా చూసుకో."

ఎప్పుడు కలిసినా అదే మాట. సైన్యం వదిలి, తండ్రి చేసే మేస్త్రీపని తను అందుకున్నాడు. సాయంత్రాలు ఊరి జట్టుకు కార్నర్ నేర్పాడు. "ముందు మోకాళ్లు వంచరా, చెయ్యి తర్వాత" అని అరిచేవాడు. తను మాత్రం మళ్లీ గీత లోపలికి దిగలేదు.

పోయిన నెల వేలూరు ఆస్పత్రిలో పోయాడు. పాడె వెనక నడిచాను, రెండు కాళ్ల మీద.

ఆ ఫిబ్రవరి ఉదయం నన్ను పైకి లాగాక తల తిప్పి చూశాను. మంచులో అతని గ్లవ్సు పడి ఉన్నాయి. చలికి బిగుసుకుపోయాయి. లోపల చేతులు ఉన్నట్టే, పది వేళ్లూ నిండుగా.