పంది పొడిచిన గాయం

పంది అంటే మనకి మొదట్నించీ చులకన. మా ఊళ్లో మురిక్కాలవల వెంట తిరిగేవి. చిన్న రాయి విసిరితే చాలు, పరుగో పరుగు. ఎవరినైనా తిట్టాల్సి వస్తే తప్ప వాటి పేరెత్తేవాళ్లమే కాదు. అడవి పంది మనిషి ప్రాణం తీస్తుందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వను. ఇక్కడి మనవాళ్లెవరైనా సరదాగా వేటకెళ్తున్నామంటే వాళ్లని కూర్చోబెట్టి ఇదంతా చెబుతాను. విసుక్కున్నా సరే, వదలను.

వై టూ కే పుణ్యమా అని సిడ్నీలో దిగినవాళ్లం మేం. వెస్ట్‌మీడ్‌లో ఒకే ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం, నేనూ, హైదరాబాద్ నుంచి వచ్చిన భాయ్. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయడమే మా ఇద్దరి ఉద్యోగం. లోకం తలకిందులవుతుందని భయపెట్టిన జనవరి ఒకటి వచ్చి వెళ్లింది. ఏమీ తలకిందులు కాలేదు, మా పని మాత్రం పల్చబడింది. ఆదివారం నేను చర్చికెళ్లి వచ్చేసరికి భాయ్ వంట చేసి ఉంచేవాడు. "తిను తమ్మీ, మీ పాస్టర్ మాటలతోని కడుపు నిండదు" అని పళ్లెం నా ముందుకు తోసేవాడు. పరాయి దేశంలో అలాంటి మనిషి దొరికాడని నేను మా అమ్మకి ఫోన్లో చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

మా టీమ్ లీడ్ తెల్లవాడు, రైతు బిడ్డ. సిడ్నీకి చాలా దూరంలో, పడమటి వైపు వాళ్ల నాన్నకి గొర్రెల ఫారం ఉండేది. ఈస్టర్ సెలవులకి మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు. అక్కడ అడవి మేకలు కొల్లలు, కాల్చుకున్నన్ని కాల్చుకోవచ్చన్నాడు. ఆ మాటతో భాయ్‌కి హుషారొచ్చింది. కత్తి కొన్నాడు, నూరాడు, గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. నీకెందుకయ్యా కత్తి, అతను తుపాకీతో కాలుస్తాడుగా అంటే నాకు పాఠం చెప్పాడు.

"కాల్చేటోడు ముసల్మాన్ గాదు గదా. అందుకే జీవం ఉండంగనే నేను పోయి, బిస్మిల్లా అని గొంతు కొయ్యాలె. అప్పుడే నాకు హలాల్. సచ్చినంక కోస్తే ఏం ఫాయిదా?"

టీమ్ లీడ్‌కీ ఈ సంగతి చెప్పాడు. అతను కాసేపు ఆలోచించి సరేనన్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. దెబ్బ తిన్న మేక పొదల్లో పడితే ఎవరూ దాని వెంట పోకూడదు. ఎండ వేళ పందులు ఆ పొదల్లోనే పడుకుంటాయి. తుపాకీతో తను ముందు నడుస్తాడు, వెనక భాయ్ రావాలి. మేక ఆలోగా చస్తే చచ్చింది, ఇంకోటి చూసుకుందాం. భాయ్ బుద్ధిగా తలూపాడు. ఆ తలూపడం నేను కళ్లారా చూశాను.

ఎండిపోయిన ఏటి పక్కన, మనిషెత్తు పొదల మధ్య మేకల మంద కనబడింది. టీమ్ లీడ్ కాల్చాడు. పెద్ద మేకపోతు ఒకటి ముందుకాళ్ల మీద పడి, లేచి, పొదల్లోకి దూరి మళ్లీ కూలబడింది. అది అరుస్తోంది. అంటే ఇంకా బతికుంది. భాయ్ అరుపే విన్నాడు, ఇంకేమీ వినలేదు. కత్తి తీసి పరిగెత్తాడు. టీమ్ లీడ్ ఆగమని కేకలు పెట్టాడు. నేనూ పెట్టాను.

"బిస్మిల్లా" అన్నది స్పష్టంగా వినబడింది. ఆ వెంటనే పొద కదిలింది. నల్లగా, నేలబారుగా ఏదో దూసుకొచ్చింది. అది గుర్రుమననైనా లేదు. భాయ్ కింద పడ్డాడు, దాని మూతి అతని తొడల మధ్య ఉంది. మనిషీ పందీ ఒకే చోట పెనుగులాడుతుంటే టీమ్ లీడ్ కాల్చలేకపోయాడు. అది రెండోసారి కుమ్మడానికి పక్కకి తిరిగినప్పుడు కాల్చాడు. పంది భాయ్ కాళ్ల మీదే పడి చచ్చింది. దాని రక్తమూ అతని రక్తమూ కలిసి ప్యాంటంతా తడిసిపోయింది.

తొడ లోపలివైపు చీలింది. టీమ్ లీడ్ బెల్టు బిగించి కట్టాడు, చొక్కా ఉండచుట్టి గాయంలో కుక్కి, నా రెండు చేతులూ దాని మీద పెట్టాడు. "ఏమైనా సరే, చేతులు తీయకు" అన్నాడు. అక్కడ మొబైల్ సిగ్నల్ లేదు. వెనక తొట్టి ఉన్న బండి అది, యూట్ అంటారు. తొట్టిలో భాయ్‌ని పడుకోబెట్టాం, పక్కన నేను కూచున్నాను. టీమ్ లీడ్ బండిని ఉరికించాడు.

భాయ్‌కి తెలివి ఉంది. నొప్పి అనలేదు, ఇంటివాళ్ల ఊసెత్తలేదు. తన కాళ్లవైపు చూసుకుని ఏడుపు మొదలుపెట్టాడు.

"తమ్మీ, కడుగు. పంది నెత్తురు. నీళ్లున్నయ్ గదా, కడుగు."

తొట్టిలో నీళ్ల డబ్బా ఉంది. అది అతని చేతికందేంత దూరంలోనే ఉంది. చేతులు తీస్తే రక్తం పోతుంది భాయ్, ఆస్పత్రిలో కడుగుతారు అన్నాను. "గట్ల జేయకు తమ్మీ, నేనిట్ల పోవద్దు. అల్లా ముంగటికి ఇట్లెట్ల పోతా?" అన్నాడు. తనే డబ్బా అందుకుని గాయంలో కుక్కిన చొక్కా లాగేయబోయాడు. నేను కాలితో డబ్బాని అవతలికి తన్నాను. అది దొర్లుకుంటూ మూలకి పోయింది. అతను దానివైపే చూస్తూ ఉండిపోయాడు. తారు రోడ్డు ఎక్కకముందే పోయాడు. నా చేతులు మాత్రం ఆస్పత్రి దాకా అక్కడే ఉన్నాయి.

పోలీసులూ పోస్టుమార్టమూ అయ్యాక శవాన్ని సిడ్నీ తెచ్చారు. మసీదువాళ్లు స్నానం చేయించారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. వాళ్లలో కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ దుకాణం పెట్టుకున్న పెద్దాయన ఒకరున్నారు. ఆయన్ని పిలిచి, "అంకుల్, తొడ దగ్గర ఇంకోసారి కడగండి" అన్నాను. ఎందుకని అడిగితే జరిగిందంతా చెప్పాను, డబ్బాని తన్నిన సంగతితో సహా.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"ప్రాణం మీదికొచ్చే గాయమైతే కడగక్కర్లేదు బాబూ. అది మాఫ్. మా పిల్లలక్కూడా తెలుసు. భయంలో మర్చిపోయుంటాడు పాపం. పక్కన మావాడు ఎవడైనా ఉండుంటే, అదే చెప్పుండేవాడు."

పక్కన ఉన్నది నేను.